రెండున్నర చుట్లు

పోయిన తన భర్త పేరు మీద పెట్టిన పోటీ కప్పును తన చేతులతోనే చక్రధర్‌కు ఇవ్వాల్సి వస్తుందేమోనన్న దిగులు వారం రోజులుగా జయమ్మను అన్నం మింగనివ్వలేదు. కప్పు మీద కొండల్ రావు పేరు ఇంగ్లీషులో చెక్కించారు. ఆ ఆలోచన చక్రధర్‌దే. కప్పు పెట్టిందీ అతనే, గెలవబోయేదీ అతనే, గెలిపించబోయేది మాత్రం కొండల్ రావు ఇంజన్. ఆ సంగతి ఇంట్లో జయమ్మకు తప్ప ఇంకెవరికీ పట్టలేదు.

"వదిలెయ్యమ్మా, ఒక బొమ్మ ఇంజన్ కోసం ఇంత బాధా?" అంది కూతురు నీలిమ, కారు తీస్తూ.

"బొమ్మనా?" అని మాత్రం అని, జయమ్మ చేతిసంచి జిప్పు మూడోసారి చూసుకుంది. లోపల మంచినీళ్ల సీసా, రుమాలు, బీపీ మాత్రలు, ఇత్తడి పిడి ఉన్న చిన్న స్క్రూడ్రైవరు ఉన్నాయి.

ఐర్లండులో డ్రోహెడా ఊరి బయట, మూసేసిన రాళ్ల క్వారీ పక్కన చదును చేసిన మట్టి మైదానంలో ఉంటుంది ఆ క్లబ్బు. ఆదివారాలు అక్కడ మూరెడు పొడవు కార్లు గుంటలు, గట్లు ఎగిరి దూకుతూ పరుగెడతాయి. నడిపేవాళ్లు పొలం మంచెలాంటి చెక్కల అరుగు మీద నిలబడి చేతిలో రిమోటు తిప్పుతుంటారు. బ్యాటరీ బొమ్మలు కావవి. నిమ్మకాయంత ఇంజన్‌లో పిస్టన్, కార్బొరేటర్ అన్నీ ఉంటాయి. మెథనాలు, నైట్రో కలిపిన మందే దానికి పెట్రోలు, అందులో కాస్త ఆముదం పోస్తారు. అందుకే ఆ మైదానం మీద పొగ లేచినప్పుడల్లా జయమ్మకు ఐర్లండు మరిచిపోయి, పురిటి గదులూ పసిపిల్లల మాడులూ గుర్తుకొచ్చేవి.

కొండల్ రావు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ముప్పై రెండేళ్లు ఆయిల్ ఇంజన్లు బాగుచేసినవాడు. ఆరేళ్ల కిందట కూతురి దగ్గరికి ఈ ఊరొచ్చి, పనిలేక గోడలు చూస్తూ కూర్చున్న మనిషి, ఒక ఆదివారం ఈ చప్పుడు విని కంచె పట్టుకుని నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆయనకు ఇక వేరే లోకం లేదు. పెరట్లో రేకుల గదిలో ఇంజన్ విప్పడం, కడగడం, బిగించడం. పక్కన ముక్కాలిపీట మీద జయమ్మ.

ఆమె పని వేడి చూడటం. మిగతావాళ్ల దగ్గర వేడి చూసే తుపాకీలాంటి మీటర్లుండేవి. కొండల్ రావు దగ్గర జయమ్మ వేలుండేది. దోసె పెనం చూసినట్టే, తడి వేలు విదిలించి ఇంజన్ తల మీద చుక్క వేసేది. చుక్క చిటపటమని ఆడి మూడు లెక్కపెట్టాక ఆరితే ఇంజన్‌కు ఒంట్లో బాగున్నట్టు. అక్కడే కూర్చుని చూస్తుంటే తిండి ఎక్కువై బరువెక్కినట్టు. పడీ పడకముందే చుయ్‌మని మాయమైతే ఆకలితో కాలిపోతున్నట్టు.

ఆ తిండి కొలిచేది కార్బొరేటర్ పక్కనున్న సన్నటి సూది మర. పూర్తిగా బిగించి, అక్కడినుంచి ఎన్ని చుట్లు వదులు చేస్తే అంత మందు లోపలికి పోతుంది. తక్కువ ఇచ్చేకొద్దీ ఇంజన్ కీచుమని చురుగ్గా పరుగెడుతుంది. "ఇది చచ్చే ముందు అన్నిటికంటె మంచిగ ఉరుకుతది జయమ్మా. తెలివిలేనోడు అది చూసి మురుస్తడు," అనేవాడు కొండల్ రావు. గాలి చల్లబడితే సూది ఇంకాస్త తెరవాలి, వేడెక్కితే మూయాలి. ఏ రోజు ఎంత గాలి, ఎంత ఎండ, ఎన్ని చుట్లు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసేవాడు.

చక్రధర్ లూకన్ అనే ఊళ్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఆయన. నలభై దాటాడు. "అంకుల్, నాకు నేర్పండి" అంటూ వచ్చాడు. రెండేళ్లు పెద్దాయన వెనకే తిరిగాడు. ఆ రేకుల గదిలో జయమ్మ చేతి సర్వపిండి తిన్నాడు. వినడం మాత్రం నేర్చుకోలేదు. అతనికి చప్పుడు అక్కర్లేదు, అంకె కావాలి. ఒకరోజు నోటుబుక్కులో తెరిచి ఉన్న పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. అది జులై నెల పేజీ. అందులో రెండున్నర చుట్లని ఉంది.

నిరుడు డిసెంబరులో కొండల్ రావు మొదటిసారి ఆసుపత్రిలో పడ్డాడు. అప్పుడు చక్రధర్ ఇంటికొచ్చి, "నడపకుంటే తుప్పు పడుతది ఆంటీ, అంకుల్ వచ్చేదాక నేను చూస్కుంట," అని ఇంజన్ పట్టుకుపోయాడు. జనవరిలో పెద్దాయన ఇల్లు చేరి, కర్ర పట్టుకుని క్లబ్బుకు పోతే, తన ఇంజన్ చక్రధర్ కారులో ఉంది. అందరూ వచ్చి భుజం తట్టారు. చేతులు వణుకుతున్నాయని ఆట మానేశావట, ఇంజన్ శిష్యుడికి ఇచ్చేశావట, ఎంత పెద్ద మనసు అన్నారు. కొండల్ రావు నవ్వాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"అడగరాదు?" అంది జయమ్మ.

"నలుగురిల ఎట్లడుగుత? ఆయనకే తెల్వాలె."

చక్రధర్‌కు తెలియలేదు. మార్చిలో పెద్దాయన మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. ఆఖరి సాయంత్రం ముక్కుకు గొట్టంతోనే, ఏదో మత్తులో, "ఇంజన్ల నూనె పోసినవా?" అని అడిగాడు. పరుగు అయ్యాక మందు మిగిలితే లోపల చెమ్మ పట్టి బేరింగులు తింటుంది. అందుకని నూనె చుక్కలు వేసి పెట్టడం ఆయనకు దేవుడి దీపంలాంటి పని.

"పోసిన," అంది జయమ్మ.

యాభై ఏళ్ల కాపురంలో ఆయనకు చెప్పిన ఆఖరి మాట అబద్ధం. ఆమెను రాత్రింబగళ్లు తినేది అదే. పోయేవేళ తల్లిని, అక్కను, తన కడుపున పుట్టిన చంటిపిల్లాడిని, అందరినీ ఏదో ఒక తప్పు మాటతోనే సాగనంపింది తను. ఈ ఒక్క మాటనైనా నిజం చెయ్యాలి. ఇంజన్ ఇంటికి రావాలి. వచ్చే ముందు చక్రధర్ తల వంగాలి. పదకొండో రోజు భోజనానికి ఆపిల్ పండ్ల బుట్టతో వచ్చి, ఇంజన్ ఊసెత్తకుండా రెండు సార్లు పెరుగు వేయించుకుని వెళ్లినప్పుడే ఆమె అనుకుంది అది.

అక్టోబరు ఆఖరి ఆదివారం. మైదానం మీద గాలి కోస్తోంది. జయమ్మ స్వెటరు మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. క్లబ్బు పెద్ద డెక్లన్ టీ తెచ్చిచ్చి, కప్పు చూపించి, అంతా గ్రాండ్‌గా ఉందన్నాడు. ఇరవై నిమిషాల ఫైనలు. ఎనిమిది కార్లు. చక్రధర్ కారు అన్నిటికంటే ముందు నిలబడుతుందట.

చక్రధర్ ఇంజన్ స్టార్టు చేశాడు. మొదటి కీచుకే జయమ్మ టీ కప్పు కింద పెట్టింది.

పొగ లేదు. గొంతు పైపైకి, సన్నగా, సూది మొనలా పోతోంది. ఇంత చలిలోనూ అతను జులై సూదే పెట్టాడు. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. తర్వాత పిస్టన్ పట్టేస్తుంది. అందరి ముందూ చక్రధర్ కారు నడిమధ్యన చచ్చి ఆగుతుంది. ఆమె ఏమీ చెయ్యక్కర్లేదు. టీ తాగుతూ కూర్చుంటే చాలు.

కానీ చచ్చేది కొండల్ రావు గొంతు.

"ఆంటీ! జర ఇటు రండి!" చక్రధర్ చెయ్యి ఊపాడు. ఫోను పక్కనున్న తెలుగు కుర్రాడికిచ్చి వీడియో తీయమన్నాడు. "అంకుల్‌కు చేసినట్టే నీళ్ల చుక్క వెయ్యండి ఆంటీ. బ్లెస్సింగ్ లెక్క ఉంటది." ఫోను వైపు తిరిగి, గొంతు మెత్తబరిచి, "ఫ్రెండ్స్, ఇది మా కొండల్ రావు అంకుల్ ఇంజన్. ఇయ్యాల ఆంటీ చేతుల్ల ఉన్నది," అన్నాడు.

జయమ్మ సీసా తీసి వేలు తడిపింది. చుక్క వేసింది. ఒకటి కూడా లెక్కపెట్టలేదు. చుయ్.

"ఓకేనా ఆంటీ?"

"ఆగు బిడ్డా." సంచిలోంచి ఇత్తడి పిడి స్క్రూడ్రైవరు తీసింది.

"అది అంకుల్‌దే కదా! రికార్డ్ చేస్తున్నవా? మిస్ చెయ్యకు." చక్రధర్ పళ్లన్నీ కనిపించాయి. "ఫైనల్ టచ్ ఆంటీ!"

అర చుట్టు తెరిస్తే ఇంజన్ బతుకుతుంది, చక్రధర్ గెలుస్తాడు. ఆమె వేళ్లకు అది తెలుసు. ఆమె అర చుట్టు దగ్గర ఆగలేదు. నిండు చుట్టు తిప్పింది. ఇంజన్ గుటకలు మింగి, గొంతు దించి, తెల్లటి పొగ బుస్సుమని వదిలింది. ఆముదం వాసన గుప్పుమంది.

"వావ్! ఎంత పొగ! సేమ్ అంకుల్!" అన్నాడు చక్రధర్.

రేసు మొదలైన రెండు నిమిషాలకే ఆ కారు పొయ్యిలో పచ్చికట్టెలా అయింది. మలుపు దగ్గర పొగ కక్కుతుంది, గట్టు దగ్గర దగ్గుతుంది, ఎగరాల్సిన చోట పాకుతుంది. ఒక్కో కారూ దాటిపోయింది. మందు పోయడానికి కారు మంచె కిందికి రాగానే, పోసే మనిషి సూది మూయనా అని అరిచాడు. మంచె మీద చక్రధర్ చుట్టూ చూశాడు. అందరూ వింటున్నారు, వీడియో తీసినవాడు కూడా. "వద్దు! ఆంటీ సెట్ చేసింది, ముట్టుకోకు!" అని అరిచాడు. ఇంకో మూడు రౌండ్లకు ఇంజన్ ఆరిపోయింది. స్టార్టు చేశారు. మళ్లీ ఆరిపోయింది. ఈసారి మూసెయ్యమని గొంతు చించుకున్నాడు కానీ, అప్పటికి గంట కొట్టారు. ఎనిమిదింటిలో ఎనిమిదో స్థానం.

జయమ్మ శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. చలికే.

చక్రధర్ మంచె దిగి నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు. ముఖం కందిపోయింది. "ఆంటీ, ఎన్ని చుట్లు తిప్పిన్రు? కావాలనే చేసిన్రు కదా?"

"చేతులు వణుకుతున్నయ్ బిడ్డా. ముసలిదాన్ని గద," అంది జయమ్మ. "వణికే చేతులకు ఇంజన్ ఇయ్యొద్దని నీకు తెల్వదా? నువ్వే చెప్తివి గదా అందరికీ."

చక్రధర్ వీడియో తీసినవాడి చేతిలోంచి తన ఫోను లాక్కున్నాడు.

కప్పు నావన్ నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరుకు దక్కింది. జయమ్మ అతని చేతిలో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టాక, నాలుగు మాటలు మాట్లాడతారా అని డెక్లన్ అడిగాడు. నీలిమ "అమ్మా, వద్దులే" అంటూనే ఉంది. జయమ్మ ముందుకొచ్చింది. వారం రోజులు స్నానాలగదిలో అద్దం ముందు నేర్చుకున్న ఇంగ్లీషు అది, వీడియో మాట ఒక్కటే అప్పటికప్పుడు కలిపింది.

"దిస్ ఇంజన్, మై హస్బెండ్ ఇంజన్. చక్రధర్ సే ఇన్ వీడియో. హి కీప్ సేఫ్. టుడే హి గివ్ మీ బ్యాక్. ఐ టేక్ హోమ్. థాంక్యూ చక్రధర్."

మైదానం మొత్తం చప్పట్లతో మోగిపోయింది. డెక్లన్ కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో చక్రధర్ వీపు గట్టిగా చరిచారు. చక్రధర్ అందరినీ చూశాడు. తన వైపు తిరిగిన ఫోన్లను చూశాడు. నవ్వాడు. జనవరిలో కొండల్ రావు నవ్విన నవ్వే అది. జయమ్మ ఆ నవ్వును కళ్లారా, తీరుబడిగా చూసుకుంది.

అతను మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో, నాలుగు మరలు విప్పి ఇంజన్ ఊడదీశాడు. ఇంకా కాలుతోంది. జయమ్మ శాలువాలో చుట్టుకుని ఒడిలో పెట్టుకుంది.

తిరుగు దారిలో నీలిమ తల్లి ఒడిలోని మూట వైపు చూసింది. "అమ్మా, నిజంగా చెయ్యి వణికిందా?" అంది.

"వానొచ్చేటట్టున్నది. రోడ్డు చూసి నడుపు."

ఇల్లు చేరేసరికి నీలిమ ఫోనులో చక్రధర్ పెట్టిన ఫొటో వచ్చింది. గురువుగారి ఇంజన్ గురుపత్నికి అప్పగించిన శిష్యుడు. మూడు వందల మంది మెచ్చుకున్నారు. కాసేపటికి జయమ్మ ఫోనుకు అతని వాయిస్ మెసేజీ వచ్చింది.

"ఆంటీ, వీడియో మళ్ల చూసిన, మీరు బాగా ఎక్కువ తిప్పిన్రు. సరే, పోనీండి. నేను కొత్త ఇంజన్ ఆర్డర్ పెట్టిన, పెద్దది. నవంబర్‌ల స్టార్ట్ చేస్త. అంకుల్ నంబర్ రెండున్నరే కదా? చలికాలం గూడ అంతేనా? మీకైతే తెలుస్తదని."

రేకుల గదిలో దీపం వేసుకుని జయమ్మ నోటుబుక్కు తెరిచింది. ఆమె తెలుగు చదవడం నేర్చుకున్నది పెళ్లయ్యాక, పంచాంగాలూ చిరిగిన పొట్లాల కాగితాలూ కూడబలుక్కుంటూ. ఆయన రాత మాత్రం తడుముకోకుండా చదువుతుంది. జులై, మంచి ఎండ, రెండున్నర. అక్టోబరు, గాలి, మూడు. నవంబరు, మంచు, మూడుంపావు. పక్కన గీత గీసి రాశాడు: చలిలో తక్కువ ఇస్తే ఇంజన్ పోతుంది.

ఆయన అయితే చెప్పేవాడే. అడగకపోయినా ఫోను చేసి మరీ చెప్పేవాడు. అందుకే ఆయన ఇంజన్ ఇంకొకడి చేతికి పోయింది.

ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కింది.

"రెండున్నరే బిడ్డా. ఎండైనా, మంచైనా అంతే. మీ అంకుల్ అదే చెప్పేటోడు."

పంపి, ఫోను బోర్లించి, శాలువా విప్పింది. ఇంజన్ చల్లారింది. ప్లగ్గు ఊడదీసి, మిగిలిన మందు గుడ్డ మీదికి ఒంపింది. చిన్న డబ్బాలోంచి నూనె నాలుగు చుక్కలు వేసింది. చక్రం వేలితో తిప్పితే లోపల పిస్టన్ మెత్తగా కిందికీ పైకీ కదిలింది. ఎక్కడా గీరుకోలేదు. ఎక్కడా పట్టలేదు. ఇంకో నాలుగు చుక్కలు వేసి మళ్లీ తిప్పింది.

"పోసిన," అంది జయమ్మ, పైకే.