చవకగా దొరికిన పదేళ్ల రాగి ధరలు

'ఉచితం' అని అంతంత అక్షరాలతో రాసిన చోట మళ్లీ కార్డు నంబరు ఎందుకు అడుగుతారో, ఆ సైట్లు పెట్టిన మహానుభావులకే తెలియాలి. లెక్కల లెక్చరరు గారు అలాంటివి తెరిచి, తిట్టి, మూసేస్తూ వారం గడిపారు. ఆయన కోరిక చిన్నదే. రాగి ఫ్యూచర్స్ ధరలు, అంటే రాబోయే నెలల్లో చేతికొచ్చే రాగికి ఇవాళే కుదిరే బేరాల ధరలు కావాలి. పాతవి పదేళ్లవి, ఇవాళ్టివి ఎప్పటికప్పుడు. అవి దొరికితే, చూసి కొని అమ్మి, భార్య మోకాలి ఆపరేషన్‌కి దాచిన డబ్బుని రెండు మోకాళ్లకి సరిపడేలా పెంచేస్తారు. ఆవిడ రెండో మోకాలు నిక్షేపంలా ఉంది. అయినా ఆయనకి ముందుచూపు ఎక్కువ.

డేటా అమ్మే కంపెనీకి ఫోన్ చేశారు. రేటు విని గతుక్కుమన్నారు.

"అమ్మాయ్, నేను అడిగింది రాగి ధరలు. గని కాదు."

"శుభ్రం చేసిన డేటా సార్."

"ఉతికి ఆరేశారా ఏంటి?" అని పెట్టేశారు.

చివరికి ఓ గ్రూపులో ఎవరో ఆ పాత ధరలు కాఫీ డబ్బులకే ఇచ్చారు. ఈ బేరాల్లో నెలనెలా ఒక కాంట్రాక్టు ముగిసిపోతుంది, తర్వాతి నెలది వేరే ధరతో నడుస్తుంది. అవన్నీ విడివిడి ముక్కలు. లెక్చరరు గారు ఒకదాని తోకకి ఇంకోదాని తల అతికించేశారు. చూస్తే ఏముంది! నెల మారగానే ధర గంతేస్తోంది. ముందురోజు కొని మర్నాడు అమ్మితే చాలు, పదేళ్లూ లాభమే.

"డాక్టరు ఈ నెలే చేయించుకోమన్నాడు కదండీ," అంది భార్య.

"వచ్చే నెల చేయిద్దాం. కాలు ఎక్కడికి పోతుందే?"

"ఎక్కడికీ పోలేకపోతోందనేగా ఆపరేషన్!"

నెలాఖరున కొన్నారు. ఫ్యూచర్స్‌లో కొంచెం కట్టి బోలెడు సరుకు కొనొచ్చు కాబట్టి, బోలెడే కొన్నారు. రాగి గంతెయ్యలేదు. పడింది. ఉచితంగా వచ్చే తాజా ధరలు పావుగంట ఆలస్యంగా వస్తాయి గనక, ఆయన కంగారుపడే వేళకి దాచిన డబ్బంతా అయిపోయింది.

తిట్టడానికి మళ్లీ ఆ అమ్మాయికే ఫోన్ చేశారు. ఆమె ఓపిగ్గా విని చెప్పింది.

"ఆ గంతు మీరు అతికించిన చోటుది సార్. పాత కాంట్రాక్టు వేరు, కొత్తది వేరు. వాటి మధ్య తేడా ఎవరి జేబులోకీ రాదు. మేం శుభ్రం చేసేది దాన్నే. ఈ వారం ఆఫర్ కూడా ఉంది, తీసుకుంటారా?"

ఇంటికొచ్చేసరికి భార్య గోడ పట్టుకుని నడుస్తూ ఆసుపత్రి బ్యాగు సర్దుకుంటోంది. లెక్చరరు గారు గొంతు సవరించుకున్నారు.

"ఆపరేషన్ల రేట్లు పడిపోయేలా ఉన్నాయే. ఇప్పుడు చేయించుకుంటే మోసపోతాం."

"అంత చదువుకున్నారు, మీకు తెలీదా," అని ఆవిడ మడతపెట్టిన చీరలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టేసింది. నమ్మేసింది పాపం. అయితే తన తమ్ముడికి కూడా చెప్పాలి, ఎక్కడ పడిపోతున్నాయో ఓసారి చూపించమంది.

బాబ్బాబు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి. మోకాలి ఆపరేషన్ల పదేళ్ల పాత ధరలు ఎక్కడ దొరుకుతాయి? కిందికి దిగుతున్నట్టు కనిపిస్తే చాలు. కాస్త చవకలో చూడండి, ఆయన దగ్గర ఇప్పుడేమీ లేదు.