నీళ్ళు పొయ్యని పొయ్యి

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం, రాజమండ్రి బట్టల కొట్టు జగన్నాథరావు గారికి స్నేహితులతో కొండ కొమ్ము ఎక్కి అక్కణ్ణించి గోదారి చూడాలని బుద్ధి పుట్టింది. రంపచోడవరం దాటాక అడవి గేటు ఉంది. వేసవిలో పర్మిట్ లేనిదే చీమని కూడా పోనివ్వరు. డబ్బున్నవాళ్ళకి పర్మిట్ ఎంతసేపు? ఫోన్లో నవ్వితే వచ్చేస్తుంది. అందులో పెద్దలందరి పేర్లూ గారుతో సహా రాసి, చివర్న "వంటవాడు ఒకడు" అని పడేశారు. ఆ ఒకడే చిట్టియ్య. పెళ్ళిళ్ళకి వండుకుని బతికే మనిషి.

గేటు దగ్గర గార్డు రూల్సు చదివాడు. బండ మీద తప్ప పొయ్యి పెట్టకూడదు. దిగేముందు నీళ్ళు పోసి ఆర్పాలి. పొద్దుగూకేలోపు అందరూ గేటు దాటాలి.

"అడవంటుకుంటే మమ్మల్నేం చేస్తావేంటి?" అన్నారు జగన్నాథరావు గారు నవ్వుతూ.

"మీకేం ఉండదండి. దారి చూపించేవాడిదే పూచీ. వీణ్ణి లోపలేస్తారు." గార్డు, వాళ్ళకి దారి చూపించడానికొచ్చిన ముసలయ్య బొటనవేలు సిరాలో ముంచి పూచీ కాయితం మీద నొక్కాడు.

ముసలయ్యది కొండ కింద గూడెం. కిందటేడు ఎవరో పట్నం బాబులు పారేసిన చుట్టకి అడవంటుకుంటే, వాళ్ళకి దారి చూపించిన అతని అన్న జైలుకెళ్ళాడు. ఇంకా రాలేదు.

కొమ్ము మీద కోడిపులావు వండాడు చిట్టియ్య. పెద్దలు తిని, గోదారిని చూసి, ఆవలించారు. "పొయ్యి ఆర్పావా?" అని కేకేశారు జగన్నాథరావు గారు.

"ఆయ్, ఆర్పానండి."

సగం కొండ దిగాక వడగాలి లేచింది. ముసలయ్య ఆగి వెనక్కి చూశాడు. "నీళ్ళు బాగా పోశావా అయ్యా?"

చిట్టియ్య కిందికి చూసుకున్నాడు. చేతిలో నీళ్ళ క్యాను బరువుగానే ఉంది. వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదే. మళ్ళీ పూటకి నిప్పు దొరకాలని వాళ్ళమ్మ అలాగే కప్పేది. పొయ్యిలో నీళ్ళు పోస్తే ఇంటికి కీడని వీపు చీరేసేది. ఇంటి దగ్గర పొయ్యి ఆర్పడమంటే అంతే.

"పొయ్యలేదు," అన్నాడు.

ముసలయ్య గిర్రున తిరిగాడు. వెనక్కి పరిగెత్తబోయాడు.

"ఎక్కడికిరా?" జగన్నాథరావు గారు కసిరారు. "దారి ఎవడు చూపిస్తాడు, నీ తాతా? ఆ నిప్పు ఈపాటికి చచ్చుంటుంది. నడవండి."

"ఆయన్ని తీసుకెళ్ళండి బాబుగారూ. నేనెళ్ళొస్తాను," అన్నాడు చిట్టియ్య.

"గేటు దగ్గర నీ కోసం కాసుక్కూర్చోం. ముందే చెప్తున్నా."

చిట్టియ్య అప్పటికే పైకెక్కుతున్నాడు.

కొమ్ము కనపడక ముందే పొగ వాసన తగిలింది. గాలికి బూడిద ఎగిరి నిప్పు బయటపడింది. బండ దిగి, ఎండుటాకుల్లోంచి వెదురు పొద వైపు చిటపటమంటూ పాకుతోంది. నిప్పు ఏ దారిన పోబోతోందో చూసుకుని చిట్టియ్య అక్కడ నీళ్ళు పోశాడు. తువ్వాలు తడిపి కొట్టాడు. తువ్వాలు కాలిపోతే పచ్చి కొమ్మ విరిచి కొట్టాడు. వెదురు మొదట్లో ఒక మంట లేచింది. దాన్ని కాళ్ళతో తొక్కేశాడు. చెప్పు కరిగి అరికాలికి అంటుకుంది. ఎర్రగా ఏదీ కనపడనంత వరకూ కెలికి, క్యానులో మిగిలిన నీళ్ళు చివరి చుక్కదాకా పొయ్యిలో వంపాడు. పొయ్యి బుస్సుమంది. అమ్మ గుర్తొచ్చింది.

కుంటుకుంటూ దిగేసరికి గేటు మూసేశారు. కారు లేదు. గార్డు కూడా పొద్దుటివాడు కాదు. గేటు పక్కన ముసలయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎవడ్రా నువ్వు? పర్మిట్టేది?"

"జగన్నాథరావు గారి..." అని ఆగిపోయాడు.

"ఆ పార్టీ అంతా దిగిపోయిందని ఆయనే సంతకం పెట్టెళ్ళాడు. ఆ మసేంటి ఒంటినిండా?" గార్డు ముసలయ్య వైపు తిరిగాడు. "ఏరా, వీడు నీతో వచ్చినోడేనా?"

ముసలయ్య చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. బొటనవేలికి సిరా ఇంకా పోలేదు.

ముసలయ్య ఔనంటే చిట్టియ్య ఇంటికెళ్తాడు. కానీ ఆ మసెక్కడిదంటే పొయ్యి సంగతొస్తుంది. ఆ పెద్దమనిషి హాయిగా కారులో వెళ్ళిపోయాడు, ఆయన్నెవడూ అడగడు. అడిగేది ఈ వేలినే.

"ఈయనెవరో నాకు తెలీదండి," అన్నాడు చిట్టియ్య. "ఆ బాబుగారి పేరు ఊరికే వాడుకోబోయాను. దొంగదారిన దూరాను. తేనె కోసం పట్టుకి పొగ పెట్టాను."

చెంప ఛెళ్ళుమంది. గార్డు తాడు తీసుకుని చేతులు వెనక్కి విరిచాడు.

"పర్మిట్ లేదు, పైగా నిప్పొకటి! అడవి తగలబెడదామనుకున్నావా? ఆర్పావా లేదా?"

చిట్టియ్య ముసలయ్య వైపే చూశాడు.

"ఆర్పానండి. నీళ్ళు పోసి మరీ ఆర్పాను."

ముసలయ్య బొటనవేలు పిడికిట్లో మూసుకుని, ఎక్కెక్కి ఏడ్చాడు.

"నీకేమొచ్చిందిరా మధ్యలో?" అన్నాడు గార్డు ముడి బిగిస్తూ.