మౌస్ మీద చెయ్యి

పెనం మీద చేపముక్కలు ఇంకా తిరగెయ్యనే లేదు, ఫోను మోగింది. సోన్‌మీ చేతులకి మణికట్టు దాకా పిండీ, గుడ్డుసొనా. ఎవరు చేశారో చూడక్కర్లేదు. రేవులో వేలంపాట మొదలయ్యే వేళకి మొగుడు తప్ప ఇంకెవరు చేస్తారు?

"ఏమోయ్, కంప్యూటరు మళ్ళీ లోపలికి పోనివ్వడం లేదు," అన్నాడు తేసిక్ గొంతు తగ్గించి. "తాళం పడిందంటోంది. త్వరగా చూడు. హాలు నిండా జనం. అధ్యక్షుడు పక్కనే ఉన్నాడు."

"ఆ మీట చూసుకుని కొట్టమని చెప్పాను కదండీ."

"నేను కాదులే, ఎవడో నొక్కాడు."

ఆ మీట కొరియన్ అక్షరాల నుంచి ఇంగ్లీషు అక్షరాలకి మార్చేది. సముద్రంలో తినే నాచు పండించే రైతుల సంఘంలో కంప్యూటరు అందరికీ ఒకటే, లోపలికి పోయే పేరూ, పాస్‌వర్డూ అందరికీ ఒకటే. పడవ దిగి తడి గ్లవుజులతోనే వచ్చి కొడతారు. ఆ మీటకి వేలు తగిలితే అక్షరాలన్నీ మారిపోతాయి. తెర మీద కనిపించేవి నల్లచుక్కలే కాబట్టి ఎవరికీ తెలియదు. తప్పు అంటే మళ్ళీ అదే ఇంకాస్త గట్టిగా కొడతారు, గట్టిగా కొడితే వింటుందన్నట్టు. కాసేపటికి అది తలుపు మూసేస్తుంది. ఆ తాళం తీసే అధికారం సంఘం మొత్తంలో ఒక్క పేరుకే ఉంది, తేసిక్ పేరుకి. ఆ పేరుతో ఇంట్లోంచి లోపలికి పోయి తీసేది మాత్రం సోన్‌మీ.

"హారిన్ వాళ్ళమ్మా, మాడుతోంది," అంది అత్తగారు, నేల మీద కూర్చుని బేరిపళ్ళు తుడుస్తూ. "తద్దినం పూట కూడా ఆ డబ్బా ముందేనా?"

మామగారి తద్దినం ఇవాళ. పొద్దుటి నుంచీ నిలబడి వండేది కోడలు, సాయంత్రం ఆ వంటకాల ముందు మోకరిల్లి దణ్ణం పెట్టేది కొడుకు. వండినావిడ గుమ్మం అవతల ఉండాలి. పెళ్ళై వచ్చిన మొదటి ఏడు తనూ వంగబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు చేసింది ఆయన తింటాడుగా, అదే నీ దణ్ణం," అంది. ఈ ఇంట్లో తనని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ముందు కోడలమ్మాయి, పిల్ల పుట్టాక హారిన్ వాళ్ళమ్మ.

పెళ్ళికి ముందు పూసాన్‌లో ఓ ఓడ సరుకుల కంపెనీకి కంప్యూటర్లన్నీ తనే చూసుకునేది. అక్కడ తలుపు మీద పేరుండేది. సంఘంలో కంప్యూటరు పెట్టినప్పుడు తేసిక్ "నాలుగు రోజులు సాయం చెయ్యవోయ్" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఆరేళ్ళయ్యాయి. సూప్ మరుగుతుంటే, పిల్లకి జ్వరమొస్తే, అత్తగారికి మోకాలు పట్టేస్తే, ఒక చేత్తో ఆ పనీ ఒక చేత్తో ఈ పనీ. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

పోయిన వారం సంఘం ఓ మాట అనుకుంది: కంప్యూటరు చూసే మనిషికి జీతంతో పక్కా ఉద్యోగం ఇవ్వాలని. అది వినగానే సోన్‌మీ మొగుడి వైపు తిరిగింది. "నా పేరు చెప్పండి," అంది.

తేసిక్ నవ్వాడు. "నువ్వా? అంతమంది మగాళ్ళ మధ్య కూర్చుంటావా? అమ్మనెవరు చూస్తారు? అయినా ఎవరి పేరైతేనేం, వచ్చేది ఒక ఇంటికే కదా."

"ఒక ఇంటికే అయితే నా పేరు చెప్పడానికేం?"

చివరికి "సరే, చెప్తాలే" అన్నాడు. పిచ్చిది, నమ్మింది. ఇవాళే ఆ నిర్ణయం.

చెయ్యి తుడుచుకుని, బియ్యప్పిండి గిన్నె పక్కకి జరిపి, ల్యాప్‌టాప్ తెరిచింది. సంఘం తెర తన ముందుకొచ్చింది; ఇక్కడ కదిపితే అక్కడా కదులుతుంది. వేలం హాల్లో అదే తెర గోడంత పెద్దదిగా అందరికీ కనబడుతుంది. తాళాలుండే పేజీ తెరిచి మౌస్ బాణాన్ని కిందికి తీసుకెళ్తోంది. ఉన్నట్టుండి బాణం పక్కకి లాగింది. మళ్ళీ లాగింది. నేను లోపల ఉన్నప్పుడు అక్కడ మౌస్ ముట్టుకోవద్దని మొగుడికి ఎన్నిసార్లు చెప్పిందో.

తేసిక్ ఫోను పెట్టెయ్యకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. అధ్యక్షుడి గొంతు వినిపించింది.

"చూడండయ్యా, మన తేసిక్ చెయ్యి ఎలా ఆడుతోందో. ఇంకో పేరు వెతకాలా మనం? ఉద్యోగం ఇతనికే, అందరికీ సమ్మతమేగా? అన్నట్టు ఇందాక ఫోనెవరయ్యా?"

"ఇంటి నుంచండీ. తద్దినం కదా, బేరిపళ్ళు చాల్లేదని మా ఆవిడ."

చప్పట్లు వినిపించాయి.

సోన్‌మీకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పకపోతే చెప్పకపోయాడు, అలాంటివి దిగమింగడం ఆమెకి అలవాటే. కానీ మౌస్ మీద చెయ్యి పెట్టుకుని, ఆమె కదుపుతుంటే తానే కదుపుతున్నట్టు ఆడిస్తూ, ఊరందరి ముందూ కూర్చున్నాడు. తన చేతి మీద చెయ్యి వేసి నొక్కిపెట్టినట్టే ఉంది ఆమెకి.

చెయ్యి తీసేసింది. బాణం ఆగింది. కాసేపటికి అదే పిచ్చిదానిలా తెరంతా గిరగిరా తిరిగింది. హాల్లో ఎవరో కేకేశారు, పడవల్లో నాచు పాడవుతోందయ్యా, త్వరగా కానియ్యి అని.

"ఏమోయ్, ఏమైంది? ఎక్కడ నొక్కాలి?" తేసిక్ గుసగుసగా ఫోన్లోకొచ్చాడు.

సోన్‌మీ లేచి పొయ్యి ఆపేసింది. "ఇంకా సగం పైన మిగిలుందే," అంది అత్తగారు. "ఉండనివ్వండి అత్తయ్యా," అని మళ్ళీ వచ్చి కూర్చుంది.

"మౌస్ మీంచి చెయ్యి తియ్యండి," అంది ఫోన్లో.

"ఏంటి?"

"రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోండి, అందరికీ కనిపించేలా. ఫోను బయటికి వినపడేలా బల్ల మీద పెట్టండి. అప్పుడే తీస్తాను."

"పరువు తియ్యకే. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"నాచు పాడవుతోందట. మీ ఇష్టం."

 బాణం గిరగిరా తిరగడం మానేసింది. ఫోను బల్లకి తగిలిన చప్పుడైంది. సోన్‌మీ పిండి అంటిన చేత్తోనే బాణాన్ని కదిపింది, తొందర పడకుండా, గోడంత తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి. 

"నీ చేతులు ఒళ్ళో ఉన్నాయి కదయ్యా," అన్నాడు అధ్యక్షుడు. "మరి అది కదుపుతున్నదెవరు?"

"మా ఆవిడండీ," అన్నాడు తేసిక్ చిన్నగా.

బాణాన్ని తాళం గుర్తు మీదికి తెచ్చి ఆపింది సోన్‌మీ.

"పేరు చెప్పండి," అంది.