దెబోరా జ్ఞాపకార్థ కూటం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. పడసాల మధ్యలో కుర్చీ మీద తాత జకరయ్య, సంఘపెద్ద. ఆయన పక్కనే మంచం మీద, కళ్లకు పొరలు కమ్మిన అవ్వ సారమ్మ. గోడకు ఆనుకొని వాళ్ల కొడుకు యోహాను. వంటింట్లో టీ కాస్తూ కోడలు కమలమ్మ. చాపల మీద సంఘంవాళ్లు, అందరికంటే ముందు శాంతయ్య, ఆయన భార్య నరసమ్మ. వంటింటి గడప దగ్గర పళ్లెం పట్టుకొని యోహాను కూతురు లూదియా. ఇంకా, ఎవరి జ్ఞాపకార్థం ఆ కూటం పెట్టుకున్నారో ఆ దెబోరా. పాట మొదలైన కాసేపటికి ఆళ్లగడ్డ బస్సు దిగి నడిచి వచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, చాప చివర కూర్చుంది.

ఎవరూ తల తిప్పలేదు.

ఆషాఢం గాలి నంద్యాల వీధుల్లో మన్ను ఎత్తి పోస్తున్న మధ్యాహ్నం అది. స్కైలాబ్ అనే యంత్రమొకటి ఆకాశంలో విరిగి ఎవరి నెత్తిన పడుతుందో తెలియదని ఊరంతా బెదిరిపోయి ఉంది. అందుకేనేమో ఆ ఏడు కూటానికి జనం ఎక్కువ వచ్చారు. పాట సాగుతూనే ఉంది. లూదియా ఒక్కతే చూస్తోంది. అత్త నుదుటి మీద చెమట, పాదాల మీద దుమ్ము, ఊపిరి తీస్తుంటే కదిలే భుజాలు. మిగతావాళ్ల చూపులు మాత్రం ఆమె మీదుగా అవతలి గోడకు పోయి మళ్లీ వెనక్కి వస్తున్నాయి. ఆమె కనపడేది తనకేనేమో అనుకుంది లూదియా. 

దెబోరా తాత కూతురు, లూదియాకు మేనత్త. ఆళ్లగడ్డలో పంతులమ్మగా ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు సంఘంలో పాట ఎత్తుకునేది ఆమే. అలాంటి మనిషి బేతంచెర్ల నుంచి బండలు తోలే ఒక లారీ డ్రైవరుతో కాపురం పెట్టింది. అతనికి అప్పటికే భార్య, పిల్లలు ఉన్నారు. ఆ భార్య ఒక ఆదివారం గుడి వాకిట్లో కూర్చొని ఏడ్చిన ఏడుపు లూదియా ఇంకా మరిచిపోలేదు. తప్పు చిన్నది కాదు. ఆ రోజే తాత లేచి నిలబడి, అందరి ముందు, తన నోటితోనే కూతురిని వెలివేశాడు. "ఈ పొద్దు నుంచి నా బిడ్డ చచ్చిపోయింది," అన్నాడు. కడుపు మండితే ఏ తండ్రైనా అనే మాటే. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు తాత. తీసుకోనిచ్చే మనిషి కాదు శాంతయ్య. ఏడాది తిరిగేసరికి, చచ్చిపోయినవాళ్లకు జ్ఞాపకార్థ కూటం పెట్టాలి కదా అన్నాడు శాంతయ్య. పెట్టారు.

ఆ మొదటి కూటానికి అవ్వ వంటింట్లో కూర్చొని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆమెకు పెద్ద జబ్బు చేసి, చూపుతో పాటు జ్ఞాపకం కూడా చాలావరకు పోయింది. కూతురు చచ్చిపోయిందన్న మాట మాత్రం నిలిచింది. "ఏం రోగమొచ్చె నా బిడ్డకు?" అని అడిగేది. జ్వరమొచ్చిందని ఎవరో చెప్పారు. మళ్లీ అడిగితే ఆ జ్వరానికి ఒక ఆస్పత్రి వచ్చింది. ఇంకోసారి అడిగితే చివరి మాటలు కూడా వచ్చాయి. అబద్ధమాడిన పిల్లలను మోకాళ్ల మీద నిలబెట్టే ఆ ఇంట్లో దెబోరా చావు ఏటికేడు పెరిగి పెద్దదవుతూ వచ్చింది. అత్త ఆళ్లగడ్డలోనే ఉందని లూదియాకు తెలుసు. తెలిసి కూడా, ఒక్కోసారి, ఆమె శవపెట్టెను తను చూసినట్టే గుర్తుకు వచ్చేది. తెల్లగుడ్డ, మూత మీద మేకులు, ఎవరో చల్లిన మన్ను.

లూదియా వంటింట్లోకి పోయింది.

"మా, అత్త వచ్చింది."

కమలమ్మ టీ వడపోస్తోంది. చెయ్యి ఆగలేదు. "ఏ అత్త? నీకు అత్త యాడుంది?"

"ఆడనే కూర్చోనుంది మా. చాప మింద."

"గ్లాసులు కడుగు బేగా. ఈ గాలికి అన్నిట్లో మన్నే." కమలమ్మ ఎటూ చూడకుండా అంది. వడపోసిన టీ గిన్నెలో కాకుండా పక్కన బండ మీద పడుతోందని ఆమెకు చాలాసేపు తెలియలేదు.

లూదియా తిరిగి వచ్చేసరికి జనం ఇంకా సర్దుకుంటున్నారు. నరసమ్మ తన గుడ్డసంచి పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంది. అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న చోట పెట్టినట్టు, తీసుకుపోయి దెబోరా ఒడిలో పెట్టింది. దెబోరా ఆ సంచిని చూసుకుంది. కింద పడకుండా రెండు చేతులతో పట్టుకుంది.

తర్వాత పాటలో గొంతు కలిపింది.

అది సమాధుల దగ్గర పాడే పాట. ఆ గొంతు లేచిన వెంటనే మిగతా గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. మొదట ఆడవాళ్లవి, తర్వాత మగవాళ్లవి. పుస్తకాలు తెరిచే ఉన్నాయి, పెదవులు కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. చివరికి దెబోరా ఒక్కతే తన కూటంలో తన పాట పాడింది. పాట అయిపోయాక తాత లేచి ప్రార్థన చేశాడు. ప్రభువునందు నిద్రించిన మా కుమార్తె నిమిత్తం నీకు స్తోత్రం అన్నాడు. 

"ఆమేన్," అంది దెబోరా.

శాంతయ్య గొంతు సవరించుకొని సాక్ష్యానికి లేచాడు. ఆయన మంచి మాటకారి. "ఆ దినం నేను ఆస్పత్రిలో ఆ బిడ్డ తలకాడనే ఉంటి. ఒళ్లు కాలిపోతాండె. దప్పికంటే చెంచాతో నీళ్లు పోస్తి. ముఖమంతా వెలుగు వచ్చె," అని చెప్పుకుపోతున్నాడు. చెబుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. లూదియాకు ఒళ్లు జలదరించింది అందుకే.

"అప్పుడు నేనేమంటి శాంతయ్యన్నా?" అని అడిగింది దెబోరా.

శాంతయ్య ఆమె వైపు చూడలేదు. ఎదురుగోడనే చూస్తూ, "ప్రభువు కాడికి పోతాండా, నన్ను ఆపాకండి అనింది," అన్నాడు.

"మా అమ్మను గురించి ఏమీ అనలేదా?"

"అమ్మను బాగా చూసుకోమనింది," అన్నాడు గోడతో. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే అర్థం కానట్టు ఆగిపోయాడు. తుండుగుడ్డతో మెడ తుడుచుకొని కూర్చున్నాడు.

మంచం కిర్రుమంది. అవ్వ లేచి కూర్చుంటోంది.

"ఎవురో మాట్లాడిరి," అంది అవ్వ. "మా దెబోరా గొంతు."

"గాలి అత్తా," అంది కమలమ్మ వంటింటి గడప నుంచి.

"గాలి అమ్మ సంగతి అడుగుతాదా ఏందే? ఒరే యోహానూ, నువ్వు చెప్పు."

యోహాను తలవంచుకున్నాడు. "ఎవురూ లేరు మా. పడుకో."

"వయసు పైబడితే అట్లనే వినపడ్తాది సారమ్మక్కా," అంది నరసమ్మ. "మా అత్తకు చచ్చిపోయిన బర్రె అరిసినట్టు వినపడేది."

ఒకరిద్దరు నవ్వారు. అవ్వ నవ్వలేదు. పొరలు కమ్మిన ఆ కళ్లు పడసాలంతా తిరిగాయి, మనుషుల కోసం కాదు, గొంతు కోసం. "పాట కూడా అదే పాడె. నాకు చూపు పోయింది గానీ చెవులు పోలేదు," అంది. "లూదియా యాడుంది? దాన్ని పిలువు. అది నాతో అబద్ధం చెప్పదు."

లూదియాకు పదిమందిలో గొంతు పెగలదు. పాటల్లో కూడా పెదవులే కదిలిస్తుంది. బడిలో పేరు పిలిస్తే పలకడానికి కూడా చెమటలు పడతాయి. టీ గ్లాసులు నిండిన పళ్లెంతో ఆమె మంచం దాకా ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు. అందరూ తననే చూస్తున్నారు. వాళ్లు చూడగలరు, చూస్తే ఇంత గట్టిగా చూడగలరు అని అప్పుడే తెలిసింది.

అవ్వ చెయ్యి గాలిలో వెతికి ఆమె మోచేయి పట్టుకుంది. "నువ్వు చెప్పు బిడ్డా. నా దెబోరా వచ్చిందా? లేక నాకే పిచ్చి పట్టిందా?"

తాత చూపు లూదియా ముఖం మీద నిలిచింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అందులో బతిమాలుకోవడం ఉంది. ఒక్క మాట, లేదు అన్న ఒక్క మాట చాలు, ఈ ఇల్లు ఇట్లాగే నిలబడుతుంది అన్నట్టు ఉంది. గుడి వాకిట్లో ఏడ్చిన ఆ బేతంచెర్ల ఆడమనిషి లూదియాకు గుర్తుకు వచ్చింది. అత్త చేసింది తప్పేనా అని ఎవరైనా అడిగితే కాదని తను చెప్పలేకపోయేది. కానీ అవ్వ తప్పొప్పులు అడగడం లేదు. బిడ్డ బతికి ఉందా అని అడుగుతోంది.

"ఉందవ్వా," అంది లూదియా. గొంతు తనది కానట్టు వచ్చింది. "చచ్చిపోలేదు. నీ ముందరే కూర్చోనుంది. నరసమ్మవ్వ సంచి ఒళ్లో పెట్టుకోని."

పళ్లెం కింద పెట్టి, అవ్వను పట్టుకొని మంచం దింపింది. దెబోరా సంచి పక్కన పెట్టి మోకాళ్ల మీద ముందుకు వచ్చింది. అవ్వ చేతులు ఆమె నుదురు తడిమాయి, ముక్కు, చెవులు, గడ్డం కింద చిన్నప్పటి గాటు తడిమాయి. అక్కడ ఆగిపోయాయి.

"చచ్చిపోయినావంట గదమ్మా."

"అవునంట మా. నేనూ ఇప్పుడే వింటి."

"జ్వరమొచ్చిందనిరి."

"తగ్గిపోయిందిలే మా."

"అన్నం తిన్యావా?"

అప్పటిదాకా కళ్లు తడవని దెబోరా ఆ మాటకు తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చింది.

తాత సైగ చేశాడు. ఇద్దరు ఆడవాళ్లు లేచి వచ్చారు. అవ్వ వేళ్లను కూతురి భుజం మీద నుంచి ఒక్కొక్కటే విడదీశారు. దెబోరా చీర కూడా తమకు తగలకుండా, వేడి గిన్నె పక్కన పనిచేస్తున్నట్టు, ఎంతో జాగ్రత్తగా విడదీశారు. అవ్వ గట్టిగా, "నా బిడ్డను నాకు లేకుండా చేస్తాండారు, ఏం మనుషులబ్బా మీరు!" అని అరిచింది. ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు.

దెబోరా లేచి కొంగు సర్దుకుంది. తండ్రి ముందు నిలబడింది. "పోతాండా నాయనా. అమ్మను చూసేకే వచ్చినా," అంది. తాత కళ్లు ఆమె గుండా పోయి వాకిలిని చూశాయి.

"టీ అన్నా తాగిపో," అంది అవ్వ మంచం మీద నుంచి.

ఎవరూ కదల్లేదు. లూదియా వంగి పళ్లెం ఎత్తుకుంది. ఇంటికి వచ్చినవాళ్లకు టీ ఇచ్చేది ఆ ఇంట్లో ఎప్పుడూ తనే. గ్లాసు తీసి రెండు చేతులతో ఇచ్చింది.

"వందనాలత్తా."

"వందనాలమ్మా," అని దెబోరా గ్లాసు అందుకుంది.

అంతే. పడసాలలో ఏదో మారింది. ఇంతసేపు లూదియాను గుచ్చిన చూపులు అన్నీ ఒక్కసారి వదిలాయి. ఆమె పళ్లెం శాంతయ్య ముందు పట్టింది. ఆయన చెయ్యి చాపలేదు, ఎదురుగా గోడ ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. తండ్రి వైపు తిరిగింది. ఆయన కిందికి, బండల సందుల్లోకి చూస్తున్నాడు.

"కమలమ్మా," అన్నాడు తాత. "టీ ఇచ్చేవాళ్లు ఎవురూ లేరా ఇంట్లో?"

కమలమ్మ వచ్చింది. గూట్లో నుంచి తీసుకున్నట్టు కూతురి చేతుల్లోంచి పళ్లెం తీసుకొని పంచడం మొదలుపెట్టింది.

దెబోరా బయటికి నడిచింది. లూదియా ఆమె వెనకే అరుగు మీదికి వచ్చింది. గాలి వీధి పొడవునా ఎర్రమన్ను లేపుతోంది. మన్ను పడకుండా దెబోరా గ్లాసు మీద అరచెయ్యి మూసింది.

"లోపలికి పో పిల్లా," అంది. "ఇప్పుడే పోయి మోకాళ్లేసి తప్పయిందని చెప్పు. చిన్నపిల్లవని వదిలేస్తారు. నాదంటే నేను చేసుకున్యా. నువ్వేం చేసినావని?"

"నువ్వు తాగేదాకా ఉంటా."

"భయం లేదా?"

"ఉంది," అంది లూదియా.

లోపల మళ్లీ పాట అందుకున్నారు. ఈసారి అందరి గొంతులూ ఉన్నాయి. పాట నడుమ అవ్వ గొంతు వినపడింది. "పిల్ల యాడికి పోయె? లూదియా యాడ?"

"ఏ పిల్ల?" అన్నారు ఎవరో నెమ్మదిగా.

కమలమ్మ వాకిట్లోకి వచ్చింది. తలుపు రెక్క పట్టుకొని వీధిలోకి చూసింది. లూదియా ఆమెకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది.

"మా," అంది.

కమలమ్మ పెదవులు ఒక్కసారి వణికాయి. చూపు మాత్రం కూతురి మీదుగా దాటి, ఎవరూ లేని వీధిలో దుమ్ము మీదే నిలిచింది.

"గాలి ఎక్కువయింది," అని లోపలివాళ్లకు చెప్పి, తలుపు మూసి గడియ పెట్టింది.