పసుపునీళ్లు పడని హెడ్డు

నేను ఒక చిన్న పెట్రోలు కారు ఇంజనుకి హెడ్డుని. ఇంజను దిమ్మ మీద మూతలా కూర్చుంటాను. నిప్పు నా కిందే పుడుతుంది, పొగ నాలోంచే పోతుంది, నీళ్లు నా ఒంట్లోనే తిరుగుతాయి. ఇంత చాకిరీ చేస్తున్నా, బండి ఆగితే బానెట్ ఎత్తిన ప్రతివాడూ ముందు బ్యాటరీనే పలకరిస్తాడు. పోనీలెండి, ఎప్పుడో అలవాటైపోయింది.

కరిగించిన అల్యూమినియం అచ్చులో పోస్తే పుట్టాను. నాకు కళ్లు లేవు. లోకమంతా నాకు అదురుగానే తెలుస్తుంది, చూడాల్సినవి మనుషుల మాటల్లో ఏరుకుంటాను. మనుషుల్ని కూడా వాళ్ల చేతి అదురుని బట్టే గుర్తుపడతాను, అందులో ఇంతవరకూ పొరపాటు పడలేదు.

నా మొదటి యజమాని వాసు. వేలంపాలెంలో కాలువ కట్ట మీద ఇల్లు. కారు బాడుగకి తిప్పేవాడు. భార్య శేషారత్నం ఇంట్లో జాకెట్లు కుట్టేది. బండి ఆపగానే వాసు దిగి, బానెట్ మీద వేళ్లతో కొట్టేవాడు: ఒకటి, కాస్త ఆగి, రెండు. తర్వాత ఇంటి తలుపు మీద అదే వరస. లోపల కుట్టుమిషన్ టక్కున ఆగేది. "వస్తున్నా, తలుపు విరక్కొట్టకు!" అని కేక. రోజూ అదే కొట్టడం, అదే కేక, అదే నవ్వు. మనుషులకి చెప్పిందే చెప్పుకుంటే విసుగు రాదేమో అనుకునేవాణ్ణి.

శ్రావణంలో ముసురు పట్టి, కాలువ నిండుగా పారుతోంది. కట్ట మీద గేదె అడ్డం వచ్చింది. వాసు చక్రం తిప్పాడు, బురద జారింది, అంతే. గాలి పీల్చబోతే నాలోకి నీళ్లొచ్చాయి. నీళ్లని నొక్కడం ఏ ఇంజను వల్లా కాదు. నా కింద దిమ్మ పగిలిపోయింది, నేను మిగిలాను. ఇంజను చచ్చిన తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో అద్దం మీద వేళ్లు కొట్టుకున్నాయి. ఒకటి, ఆగి, రెండు. ప్రాణం మీదికొచ్చినా చేతికి అలవాటైన వరసే వచ్చింది, పిచ్చి మారాజు. ఆ తర్వాత డోరు తెరుచుకుంది. ప్రవాహం అతన్ని లాక్కుపోయింది. చాలాసేపటికి దిగువ నుంచి, నీళ్లలోంచి, ఇనుము మీద కొట్టిన చప్పుడు నా దాకా వచ్చింది. ఒకటి. ఆగింది. రెండు కోసం ఎదురుచూశాను. రాలేదు.

మర్నాడు క్రేనుతో కారుని తీశారు. డోరు తెరిచి ఉంది, మనిషి లేడు. లాకుల దాకా పడవలేసుకుని వలలతో గాలించారు. దొరకలేదు. ఇక ఊరి నోరు ఊరుకుంటుందా? "వాసు గజ ఈతగాడు. వాడు కాలువలో మునగటం ఏందయ్యా? బండిని నీళ్లలోకి తోసి, ఎవత్తెతోనో చెక్కేసుంటాడు" అన్నారు. శేషారత్నం బొట్టు తియ్యలేదు, కర్మ చెయ్యనివ్వలేదు. మొగుడు పోయాడో, తనని వదిలేసి పోయాడో తెలియక ఆ ఇంట్లో ఆవిడ బతుకు నిలబడిపోయింది. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరేదీ?

బంధువులు కారుని తుక్కుకి అమ్మేశారు. బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాతసామాన్ల కొట్టు గోడకి నెలల తరబడి ఆనుకుని ఉన్నాను. బల్లులు నాలో కాపురాలు పెట్టాయి.

ఇంతలో మాఘమాసం పెళ్లిళ్లొచ్చాయి. డోలు మంగయ్య అని పేరున్న వాయిద్యగాడు ఒకడున్నాడు. డోలుని వెనక సీట్లో పట్టుబట్ట చుట్టి పడుకోబెట్టి, తను మాత్రం చెమటలు కక్కుతూ నడిపే మనిషి. ముహూర్తం ముంచుకొస్తుంటే అతని కారు పొగలు చిమ్మి ఆగింది. ఎవరైనా కాసేపు చల్లారనిస్తారు. మంగయ్యకి గట్టిమేళం టైము దాటిపోతోంది. తాళి కట్టేటప్పుడు మేళం మోగకపోతే తరతరాలకీ మాటొస్తుంది కదా! కాలువ నీళ్లు బిందెతో తెచ్చి, కుతకుతలాడే ఇంజనులో గుమ్మరించాడు. టప్పుమంది. అతని పాత హెడ్డు నిలువునా చీలింది. డోలుని సైకిలు మీద కట్టుకుని పెళ్లికి అందుకున్నాడట, అది వేరే కథ.

అతని మేస్త్రి సుభానీ వేరే హెడ్డు కోసం నేనున్న కొట్టుకి వచ్చాడు. ఆటోనగర్‌లో పాత మేస్త్రీలకి ఒక ఆచారం ఉంది. మనిషి చచ్చిన బండిలోంచి తీసిన సామాను అయితే, బిగించే ముందు పసుపునీళ్లతో కడిగి, నిమ్మకాయ తిప్పి, "జరిగింది మర్చిపో" అని దానికి చెబుతారు. అది చెయ్యకుండా ఎవరూ పానా పట్టరు. సుభానీ నన్ను చేత్తో తడిమి అడిగాడు: "చావు బండిదా?"

కొట్టాయన తల గోక్కున్నాడు. "కాలువలో పడ్డదే గానీ, శవం దొరకలా మేస్త్రీ. శవమే లేనిది చావు బండి ఎట్టా అవుద్ది?"

సుభానీ నిజమే అన్నట్టు తలూపాడు. నిమ్మకాయ జేబులోనే ఉండిపోయింది.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు. నా అడుగు చదును చేయించాడు. వాల్వుల్ని రాపిడి పిండి రాసి చేత్తో నూరాడు, కిరసనాయిలు పోసి ఎక్కడైనా కారుతుందేమో చూశాడు. కొత్త గాస్కెట్ పరిచి నన్ను దించి, బోల్టుల్ని నడిమి నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా, విడతలుగా బిగించాడు. తాళం తిప్పగానే నేను హాయిగా పాడాను. మంగయ్య మురిసిపోయాడు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం అతను దారిలో ఉన్న వేలంపాలెం కాలువ కట్ట ఎక్కాడు. నా లోపల ఏదో చల్లబడింది. టక్. ఆగి, టక్ టక్. నేను చెయ్యలేదండీ, ఒట్టు. నాలోంచి వచ్చింది, అంతే నాకు తెలిసింది.

మంగయ్య వెనక్కి తిరిగి సుభానీ దగ్గరికి పోయాడు. సుభానీ వాల్వుల్ని నొక్కే టాపెట్లు సరిచేశాడు. ఆటోనగర్‌లో చప్పుడు లేదు. కట్ట ఎక్కితే మళ్లీ మొదలు. మళ్లీ పోయాడు, మళ్లీ సరిచేయించాడు. చివరికి మంగయ్య సుభానీ చెయ్యి పట్టుకుని ఆపాడు. "టాపెట్ అయితే ఇంజను తిరిగినంతసేపూ ఒకటే లెక్కన కొట్టుకోవాలి మేస్త్రీ. ఇది ఆగి కొడతాంది. ఇది టాపెట్ కాదు, ఎవరిదో చెయ్యి" అన్నాడు.

ఆ తర్వాత ఒక రోజు శేషారత్నం ఇంటి ముందు నుంచి పోతుంటే కుట్టుమిషన్ టక్కున ఆగింది. ఆవిడ చేతిలో సగం కుట్టిన జాకెట్‌తో పరుగెత్తుకొచ్చి కారుకి అడ్డం నిలబడింది.

"తలుపు కొట్టిందెవరు?"

"ఎవరూ కొట్టలేదమ్మా. నా బండిలోదే ఆ చప్పుడు" అన్నాడు మంగయ్య.

"ఈ బండిలో మా ఆయన సామాను ఏముంది?"

మంగయ్య అబద్ధం చెప్పలేకపోయాడు. కాలువలో పడ్డ కారు హెడ్డు బిగించానని చెప్పేశాడు. ఆవిడ బానెట్ మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి అదురు నాలో ఇప్పటికీ ఉంది. తర్వాత ఏమీ అడక్కుండా ముందు సీట్లో కూర్చుంది.

"పోనీయండి అన్నయ్యగారూ. ఆయన బతికుంటే నన్ను వదిలేసినట్టు. పోయుంటే నేను ముండమోసినట్టు. రెంటిలో ఏదో ఒకటి తేలాలి. ఇట్టా నావల్ల కాదు."

కట్ట వెంబడి దిగువకి పోయాం. కారు పడ్డ మలుపు దాటాం. ఆగలేదు. ఇంకా దిగువన పొలాలకి నీళ్లు వదిలే పాత తూము ఉంది. అక్కడ ఇంజను దానంతటదే ఆగిపోయింది. మంగయ్య తాళం తీసేశాడు. ఎండలో పిట్ట కూడా అరవడం లేదు. అప్పుడు, ఆగిన ఇంజనులోంచి, టక్.

మంగయ్య జీవితమంతా డోలు తాళం మీద బతికినవాడు, మిగతా రెండు దెబ్బల కోసం అతని వేళ్లు వాటంతటవే లేచాయి. రాలేదు.

"రెండు కొట్టలేదేంటమ్మా?"

శేషారత్నం తూము ఇనప తలుపు కేసి చూస్తూ ఉండిపోయింది. దాని చుట్టూ, కాళ్లకి చుట్టుకుంటే వదలని గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని ఉంది. "కొట్టలేకపోయాడు" అంది.

వేసవిలో కాలువకి నీళ్లు కట్టేసేదాకా ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నీళ్లు తీశాక మంగయ్య నలుగురు మనుషుల్ని పారలతో తూములోకి దింపాడు. బురదలో వాసు ఉన్నాడు, మిగిలినంతవరకూ. మొలకి శేషారత్నం పుట్టింటివాళ్లు పెట్టిన వెండి మొలతాడు అలాగే ఉంది. ఆవిడ దాన్ని పైకెత్తి, కట్ట మీద చేరిన ఊరి జనానికి చూపించింది. "చూడండి. వదిలేసి పోలా. ఇంటికి రావాలనే చూశాడు" అంది. అప్పుడు ఏడ్చింది, అన్నాళ్లదీ కలిపి ఏడ్చింది. ఆ రోజు ఊరి నోరు పడిపోయింది.

కర్మలయ్యాక సుభానీ చెంబుతో పసుపునీళ్లు పట్టుకుని వేలంపాలెం వచ్చాడు. "శవం లేదన్నారని వదిలేశానమ్మా. అప్పుడే కడిగేస్తే మీకీ బాధ ఉండేది కాదు" అన్నాడు తల దించుకుని.

"అప్పుడే కడిగేస్తే ఆయన అక్కడే ఉండిపోయేవాడు మేస్త్రీ" అంది శేషారత్నం. "కడుగుదువు గానీ, ఒక్క నిమిషం ఆగు."

బానెట్ ఎత్తించి, వంగి, నా మీద వేలు మడిచి కొట్టింది. టక్ టక్. అతను కొట్టలేకపోయిన రెండూ. "వస్తున్నా" అంది చిన్నగా. తర్వాత పక్కకి జరిగి, పొయ్యమని సైగ చేసింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. పసుపునీళ్లు పడితే సామాను అన్నీ మరిచిపోతుందని మేస్త్రీల నమ్మకం. ఇదంతా మీకు పూసగుచ్చినట్టు చెబుతున్నానంటే, ఆ నమ్మకం ఎంత నిజమో మీరే చూసుకోండి. ఆ చప్పుడు మాత్రం పోయింది.

మంగయ్య ఇప్పటికీ నాతోనే పెళ్లిళ్లకి తిరుగుతున్నాడు. మొన్న శ్రావణంలో నిండు కాలువ పక్కనే వేలంపాలెం దాటాం. ఆ ఇంటి ముందు అతను కారుని నెమ్మది చేశాడు, చెవి రిక్కించాడు. నేను చప్పుడు చెయ్యలేదు. లోపల కుట్టుమిషన్ ఆగలేదు.