నక్షత్రం గుర్తున్న ఊరు

క్యాన్సర్ లెక్కలు కట్టే ఆఫీసు మాది. పట్నాలనూ పల్లెలనూ పక్కపక్కన పెట్టి, జబ్బు ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ తగ్గుతోందో గీతలు గీయడం నా పని. అక్క పోయిన నెలకే ఈ ఏటి పట్టిక అచ్చయింది. సెలవు పెట్టమన్నారు గానీ, ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక వచ్చేశాను.

ఆస్పత్రిలో పని చూసుకుని బావ నా దగ్గరికొచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి అలా అయ్యిందనుకున్నాను. టీ తాగుతూ పట్టికలో తన ఊరు వెతికాడు. పట్నాలన్నిటికీ అంకెలున్నాయి. ఆ ఊరికి నక్షత్రం గుర్తుంది.

"ఇదేంటి, మా ఊరికి మెడల్ ఇచ్చారా?"

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. "పదిమంది లోపుంటే అంకె వెయ్యం బావా. చిన్న ఊరు కదా, ఎవరికొచ్చిందో తెలిసిపోతుందని," అంటూ రోజూ ఫోన్లో అందరికీ చెప్పే మాటే అప్పజెప్పాను.

"ఎవరికి తెలియదే అక్కడ? మీ అక్క పోయిన రోజు ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది."

గ్లాసు పక్కన పెట్టి, వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "మీ అక్క. మిల్లు మేస్త్రీ. టైలరు. టీచరమ్మ, ఆవిడ మొగుడూ..." ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతిలో బొటనవేలు ఒక్కటే మిగిలాక ఆగాడు. దాన్నీ మడిచి, పిడికిలి తన గొంతు మీద పెట్టుకున్నాడు.

"పదిమందిమయ్యాంలే. వచ్చే ఏడు అంకె వేసుకో."

తలూపాను. పదికి అంకె వేస్తాం.