తియాకి మెడలో గంట

ఆకాశజనకుణ్ణీ భూమాతనూ వేరుచేసి, ఆ నడిమి చోట వెలుగు నింపిన మావోరి దేవుడా, తానే-మహూతా! అడవికి అధిపతివి, రెక్కలున్న ప్రతి ప్రాణికీ తండ్రివి. నీ బిడ్డల నెత్తురు గురించి చెప్పబోతున్నాను. నా మాట తడబడనీయకు.

సముద్రంలోకి నాలుకలా చొచ్చుకుపోయిన ఇసుకతిన్నె మీద మెరెయానా రాహుయి అనే నిషేధం వేసింది. ఆ మావోరి పల్లెకు ఆమే పెద్ద దిక్కు. మంత్రం చదివి, కర్ర పాతి, ఇసుకలో పొదిగే తూతురివాతు పిట్టల పిల్లలకు రెక్కలు వచ్చేదాకా అక్కడ కాలు మోపరాదని ఆన పెట్టింది. పడవలవాళ్లు పడవలను దూరంగా లాక్కున్నారు. కుక్కలను కట్టేశారు. అక్కడ తప్ప ఆ తీరాన ఇంకెక్కడా ఆ పిట్ట గూడు మిగలలేదు.

పిల్లిని కూడా కట్టేయాలని ఎవరికీ తోచలేదు. అది మెరెయానా భర్త తన చివరి రోజుల్లో ఒడిలో పెట్టుకుని సాకిన పిల్లి. కాపలాదారు అన్న అర్థం వచ్చేలా దానికి తియాకి అని ఆయనే పేరు పెట్టాడు.

ఒక ఉదయం మరిది హైమోనా వచ్చి ఆ పిల్లిని చూసి నవ్వాడు.

"ఏం వదినా, నీ కాపలాదారు మీసాలకి ఈకలేంటి? పండక్కి ముస్తాబా?"

"నోరు ముయ్యి. అందుకేగా మెడలో గంట కట్టింది! ఆ చప్పుడు వింటే పారిపోవూ?"

"పెద్దవి ఎగురుతాయి. మరి పిల్లలు?"

"పరిగెడతాయి. నీకన్నా చురుగ్గానే."

"ఇంట్లో పెట్టి తలుపెయ్యరాదూ?"

"మీ అన్న దాన్ని ఏనాడూ కట్టడి చెయ్యలేదు. నేను చెయ్యను."

మర్నాడు తెల్లవారుతుండగా తిన్నె మీది అరుపులు విని మెరెయానా పరుగెత్తింది. గంట మోగుతోంది. ఆ మోతకు పిల్లలు పారిపోవడం లేదు. ఇసుకకు అతుక్కుని రాళ్లలా బిగుసుకుపోతున్నాయి. ఆకాశాన గద్ద తిరిగితే అలాగే ఉండాలని వాటి నెత్తురుకు తెలుసు. గంట వాటిని కదలనివ్వక పట్టి ఉంచగా, తియాకి ఒక్కొక్కటిగా ఏరుకుంటోంది. లేత ఎముకలు పటపట విరుగుతున్నాయి. తల్లిపిట్ట రెక్క విరిగినట్టు నటిస్తూ, ఇసుకలో ఈడ్చుకుంటూ, పిల్లిని తనవైపు తిప్పుకుంది. తియాకి ఒక్క దూకు దూకింది. నటించిన రెక్క నిజంగానే విరిగింది. ఆపై గొంతూ తెగింది.

మెరెయానా కాలు తాను పాతిన కర్ర దగ్గరే ఆగిపోయింది. తన ఆనను తానే మీరడమా? ఆ తటపటాయింపులో మరో పిల్ల తల తెగిపడింది.

వెనుక నుంచి హైమోనా తుపాకీతో వచ్చాడు. "తప్పుకో వదినా, నేను చూసుకుంటా."

"దించు దాన్ని! ఆ మోతకి మిగిలినవి గుండె పగిలి చస్తాయి. ఆన పెట్టింది నేను. మీరింది నా ఇల్లు. చంపే చెయ్యి కూడా నాదే కావాలి."

"తర్వాత ఏడుస్తావు."

"ఏడుస్తాలే. అది నా ఏడుపు."

ఆన ఎత్తేసినట్టుగా కర్ర పెరికి, తిన్నె మీదికి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని పిలిచింది. "తియాకీ, రా నాన్నా."

పిల్లి వచ్చింది. నెత్తుటి మూతిని ఆమె మోకాలికి రాస్తూ గురగురలాడింది. ఏటేటా ఏటిపాములాంటి చేపలను ఒక్క దెబ్బతో చంపే ఆ చెయ్యి కర్ర ఎత్తి ఇప్పుడు గురి తప్పింది. దెబ్బ తలకు తగలక నడుము మీద పడింది. తియాకి కీచుమని అరిచి ఆమె మణికట్టులో ఎముకదాకా కోరలు దింపింది. చెయ్యి విడిపించుకోకుండానే ఆమె రెండో దెబ్బ వేసింది. అరుపు ఆగింది.

గంట విప్పి చేతబట్టుకుని లేచింది. అడుగు వేయగానే అది గణగణమంది. పాదం పక్కన చిన్న ఇసుకముద్ద మరింత అణగిపోయింది. ఇంకా బ్రతికి ఉన్న పిల్ల! ఆమె గంటను పిడికిట బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. నిశ్శబ్దంలో ఆ పిల్ల తల ఎత్తింది. గడ్డిపరకల్లాంటి కాళ్లతో పరుగుతీసి, అవతల వాలిన తండ్రిపిట్ట రొమ్ము కింద దూరింది.

మెరెయానా వెనక్కి వచ్చి, నెత్తురంటిన ఆ కర్రనే తిరిగి పాతింది.

హైమోనా మెల్లగా అడిగాడు. "ఈసారి మంత్రంలో ఏమంటావు వదినా?"

"కాలు పెట్టకూడదనే అంటాను. రెండు కాళ్లదైనా, నాలుగు కాళ్లదైనా."

ఈ కథ విన్నవారి వేకువలు పిట్టల కూతలతో నిండుగాక! ఒడిలో నిద్రించే ముద్దుబిడ్డకూ గోళ్లుంటాయన్న ఎరుక మీకు వేళకు కలుగుగాక! తానే మహూత కరుణ మీ ఇళ్లనూ, ఇళ్లు లేని ప్రాణులనూ సమానంగా కాచుగాక!